పందొమ్మిదీ డెబ్బయి ఎనిమిదీ కలిసే చోటు



గత క్రిస్మసు తరువాతి ఆదివారము ఆరాధన ముగిసి బయటకు వస్తుండగా మా సంఘములోని ఒక పెద్దమ్మ మమ్మును గేటు దగ్గర ఆపింది. "అయ్యగారూ, పండుగ తెల్లారి మీరు, అబ్బాయి చేలల్లబడి తిరిగిండ్రట. ఏమన్న పారేసుకున్నరా?" అని అడిగింది. పోగొట్టుకోలేదమ్మా, ఆడుకున్నాము అని చెప్పుటకు నోరు రాలేదు. నలుబది ఏండ్లు దాటిన దైవసేవకుడు పండుగ మరునాడు పరుల పొలములో ఫోను పట్టుకొని ముందుకొక అడుగు, వెనుకకొక అడుగు వేస్తూ ఆడుకున్నాడంటే వినేవారికి ఎలాగుంటుంది? "ఉత్తగనే పోయినమమ్మా" అని తప్పించుకున్నాము. ఆమెకు బాకీపడిన జవాబును ఈ పత్రికలో చెల్లిస్తున్నాము.

మా పెద్దబ్బాయి హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచున్నాడు. భైంసాలో ఉన్నంత కాలము ఆదివారపు బడిలో పాటలు నేర్పినవాడు. చదువుకు పోయిన రెండేండ్లలో సెలవులకు వచ్చినప్పుడు మొదట వెనుక వరుసలో, తలుపు ప్రక్కన కూర్చోవడము మొదలుపెట్టాడు. తరువాత తలనొప్పి అని ఇంటనే ఉండిపోయాడు. మేము గద్దించలేదు, బ్రతిమాలలేదు. ఫోను చేస్తే "తిన్నావా?" అని మేము, "తిన్నాను, మమ్మీకి ఇవ్వనా అంటారు కదా, ఇవ్వండి" అని అతడు. ఇంతే మా సంభాషణ. నూరుమంది ముందర గంటసేపు మాట్లాడగలిగిన మాకు కన్నకొడుకుతో మూడవ వాక్యము దొరికేది కాదు. ఇలాటి తండ్రులు ఈ పత్రిక పాఠకులలో ఇంకా ఉన్నారని మాకు తెలుసు గనుక దాచకుండా వ్రాస్తున్నాము.

నవంబరులో సేవకుల కూటమునకు హైదరాబాదు వెళ్లినప్పుడు ఒక సాయంత్రము ఖాళీ దొరికింది. "డాడీ, నాతో ఒక చోటికి వస్తారా? జియోక్యాషింగ్ చూపిస్తాను" అన్నాడు. క్యాష్ అనగానే మేము డబ్బు సంగతి అనుకొని జాగ్రత్తపడ్డాము. ఫోనులో విన్న మా సతీమణి అయితే "అప్పు చేశాడేమో కనుక్కోండి" అని భయపడింది. డబ్బు కాదట. దాచిపెట్టుట అని అర్థమిచ్చే ఫ్రెంచి మాట నుండి వచ్చిన పేరట.

ఆట ఇది. ఒకరు చిన్న డబ్బాలో ఒక పుస్తకము, ఒక పెన్సిలు, కొన్ని చిల్లర వస్తువులు పెట్టి ఎక్కడో దాచుతారు. ఆ చోటు యొక్క అక్షాంశము, రేఖాంశము అందరికి తెలియజేస్తారు. వెదికేవారు ఆ అంకెలను పట్టుకొని పోయి డబ్బాను కనుగొని, పుస్తకములో పేరు, తేదీ వ్రాసి, మరల ఉన్నచోటనే పెట్టి రావాలి. అందులోనుండి ఒక వస్తువు తీసుకుంటే దానికి సమానమైనది గాని, అంతకంటే మంచిది గాని పెట్టాలి. ఈ చివరి నియమము మాకు చాలా నచ్చింది. మన సంఘములలో కానుకల పెట్టె దగ్గర కూడ ఇది ఉంటే బాగుండునని అనుకున్నాము. అనుకొని ఊరుకున్నాము.

ఆట పుట్టిన కథను అబ్బాయి సిటీ బస్సులో చెప్పాడు. ఆకాశములో తిరుగుచున్న అమెరికా ఉపగ్రహములు పంపే సంకేతములను బట్టి మనము భూమి మీద ఎక్కడ నిలిచియున్నామో చెప్పే ఏర్పాటు ఉన్నది. దానినే జీపీఎస్ అంటారు. సంకేతము బయలుదేరిన సమయమునకు, మన చేతిలోని యంత్రమునకు చేరిన సమయమునకు గల తేడానుబట్టి దూరము లెక్క కడతారు. నాలుగు ఉపగ్రహముల దూరము తెలిస్తే మన చోటు తెలుస్తుంది. మొదట అమెరికా ప్రభుత్వము సైనిక కారణములచేత సాధారణ ప్రజలకు అందే సంకేతములో కావాలనే కొంత తప్పు కలిపేది. నూరు మీటర్ల వరకు తేడా వచ్చేది. 2000 మే 2న ఆ తప్పును కలుపుట మానివేశారు. మరునాడే, మే 3న, ఓరెగాన్ రాష్ట్రములో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక ప్లాస్టిక్ బకెట్టులో పుస్తకములు, ఒక చిక్కుడు గింజల డబ్బా, ఇంకా కొన్ని వస్తువులు పెట్టి అడవిలో ఉంచి, దాని అంకెలను లోకమునకు తెలిపాడు. అలా ఒక్క బకెట్టుతో మొదలైన ఆటకు నేడు లోకమంతట 30 లక్షలకు పైగా పెట్టెలు ఉన్నవి. అంతకు చాలా ముందే, 1854లో, ఇంగ్లాండులోని డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతములో జేమ్స్ పెరట్ అను దారి చూపేవాడు బురద నేలల నడుమ ఒక సీసా ఉంచాడట. అక్కడి వరకు నడిచి రాగలిగిన వారు తమ పేరు చీటీ అందులో వేసి పోయేవారట. మనుష్యులకు పేరు వ్రాసి పోవుటయందు ఉన్న ఆశ కొత్తది కాదు.

ఆ సాయంత్రము ఒక చెరువు కట్ట దగ్గర బండరాళ్ల మధ్య అరగంట వెదికాము. మా చొక్కా మోచేయి దగ్గర చిరిగింది. డబ్బా దొరకలేదు. ఇంతలో అక్కడి వాచ్‌మన్ వచ్చి కర్ర ఆనించుకొని నిలబడి, "ఎడమ పక్క రాయండి, అడుగున" అన్నాడు. మేము ఆశ్చర్యపోయాము. ఆయన శ్రీకాకుళం జిల్లా నుండి పని కోసము వచ్చినవాడు. కొన్ని నెలలుగా ఎవరెవరో వచ్చి ఆ రాయి క్రింద చెయ్యి పెట్టి పోతుంటే, మత్తుమందుల బేరమేమోనని ఒకరోజు తీసి చూశాడట. లోపల పుస్తకము, బొమ్మ కారు, ఒక విదేశీ నాణెము ఉన్నవట. "ఇందులో ఏముందని ఇంత దూరం వస్తారు బాబూ?" అని అతని ప్రశ్న. అబ్బాయి ఓపికతో అంతా చెప్పాడు. పుస్తకములో జర్మనీ వారి పేరున్నది, బెంగళూరు వారి పేరున్నది. అబ్బాయి పెన్సిలు ఆయనకు అందించి, "కనుక్కున్నది మీరే కదన్నా, ముందు మీరు రాయండి" అన్నాడు. ఆయన చేయి ప్యాంటుకు తుడుచుకొని, పెద్ద అక్షరాలతో తన పేరు, తన ఊరి పేరు వ్రాశాడు. ఆ పుస్తకములో తెలుగు అక్షరములు అవి మాత్రమే. చిరిగిన చొక్కాతో తిరిగి వస్తూ మేము ఆ మనిషిని గూర్చి మాట్లాడుకున్నాము. మమ్మీకి ఫోను ఇవ్వవలసిన అవసరము ఆ రాత్రి కలుగలేదు.

క్రిస్మసుకు అబ్బాయి భైంసా వచ్చాడు. ఒక పూటలో పోయి రాగలిగిన డబ్బా ఏదీ మాకు కుదరలేదు. "డబ్బా లేకపోతేనేం, దానికంటే మంచిది ఉంది. మీకు తెలియకుండా మీరు దాని పక్కనే కాపురముంటున్నారు" అన్నాడు. బడిలో గ్లోబు మీద అడ్డగీతలు, నిలువు గీతలు చూసియున్నారు గదా. మగ్గము మీద పడుగు, పేక ఉన్నట్టు అవి భూమినంతటిని చుట్టియుంటవి. ఒక డిగ్రీకి ఒక గీత చొప్పున లెక్క వేస్తే, ధ్రువములు రెండింటిని కలుపుకొని, భూగోళము మీద 64,442 చోట్ల నిండు డిగ్రీలు కలుస్తవి. చాలా వరకు సముద్రములో పడతవి. నేల మీద ఉన్నవాటికి ఒక్కొక్కదానికి పోయి, నాలుగు దిక్కులకు ఫోటోలు తీసి, దారిలో ఏమి జరిగినదో వ్రాసిపెట్టే పనిని 1996లో అలెక్స్ జారెట్ అనే అమెరికా యువకుడు మొదలుపెట్టాడు. ఆ చోటికి నూరు మీటర్ల లోపు చేరితే చేరినట్టే. మా మందిరము గేటు దగ్గర నిలబడి ఫోను చూస్తే ఉత్తరము 19 దశాంశము 1, తూర్పు 77 దశాంశము 9 చిల్లర. అంటే 19, 78 కలిసే చోటు మాకు దక్షిణముగా పదకొండు కిలోమీటర్లు, కొంచెము తూర్పుగా, ముథోల్ అవతలి పొలములలో ఉన్నది. పన్నెండేండ్లుగా ఆ రోడ్డు మీద బాసర వైపు పోతూ వస్తూ ఉన్నాము.

"ఇరవై ఆరున పోదాం. కాని ఒక్క షరతు" అన్నాడు అబ్బాయి. "ఏమిటి?" అన్నాము. "ఈ ఒక్కరోజు జేబులో కరపత్రాలు వద్దు డాడీ. ఏ పనీ లేకుండా పోదాం."

సేవకులైనవారికి ఈ షరతు ఎంత బరువైనదో సేవకులకే తెలుసు. యెహెజ్కేలు గ్రంథములోని కావలివాని బాధ్యత మాకు గుర్తుకు వచ్చింది. సరేనన్నాము. ఉదయము చొక్కా తొడుగుకొనేటప్పుడు మాత్రము, బీరువా మీద ఉన్నవాటిలోనుండి మూడు తీసి, జేబురుమాలు మడతలో పెట్టుకున్నాము. ఇది మా ఒప్పుకోలు.

మోటారు సైకిలు మీద ముథోల్ చేరి, హోటలులో చాయి త్రాగుచుండగా అబ్బాయి ఇంకొక సంగతి చెప్పాడు. ఈ 78వ గీత ఊరికే పటము మీది గీత కాదు. విలియం లాంబ్టన్ అనే ఆంగ్లేయ అధికారి 1802లో మద్రాసు దగ్గర నేలను గొలుసుతో కొలిచి మొదలుపెట్టి, ఈ గీతకు అటూ ఇటూగా గుట్ట మీదినుండి గుట్ట మీదికి గురి చూస్తూ, దక్షిణపు కొన నుండి ఉత్తరమునకు దేశమును కొలుస్తూ వచ్చాడు. అర టన్ను బరువుగల కొలతయంత్రమును కూలీలు మోశారు. 1808లో తంజావూరు గోపురము మీదికి లాగుచుండగా తాడు తెగి యంత్రము గోడకు కొట్టుకొని వంగిపోతే, ఆయనే కూర్చొని వారాల తరబడి సరిచేశాడట. 1815లో బీదరు దగ్గర నేల కొలిచారు, 1822లో బేరారులో కొలిచారు. ఈ రెంటి మధ్యనే గదా మన గోదావరి. ఆయన సహాయకుడు జార్జి ఎవరెస్టు, అనగా ఆ శిఖరమునకు ఎవరి పేరు పెట్టారో ఆయనే, 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవులలో జ్వరముతో పడిపోయాడు. ఆరోగ్యము కోసము ఆఫ్రికా కొన వరకు పోవలసి వచ్చింది. లాంబ్టన్ 1823 జనవరిలో వార్ధా వైపు హింగన్‌ఘాట్‌లో దారిలోనే మరణించాడు, అక్కడే పాతిపెట్టారు. యంత్రమును మోసినవారి పేర్లు ఎవరూ వ్రాసిపెట్టలేదు. ఇప్పుడు అదే పని జేబులో పట్టే ఫోను చేస్తున్నది. అబ్బాయి ఇంతసేపు మాతో మాట్లాడి ఎన్నాళ్లయినదో లెక్కపెట్టుకుంటూ రెండవ చాయి చెప్పాము.

రోడ్డు దిగి బండ్లబాట, బండ్లబాట దిగి గట్లు. మన నల్లరేగడిని గూర్చి మీకు చెప్పనక్కర లేదు. తెల్లవారి మంచుకు తడిసిన మట్టి చెప్పులకు అంటుకొని ఒక్కొక్క కాలు రెండు శేర్లయింది. పత్తి రెండవ ఏరుడు నడుస్తున్నది. కూలి స్త్రీలు తమలో తాము మరాఠీలో ఏదో అనుకొని నవ్వారు. ఫోనును చేతిలో పళ్లెములాగా పట్టుకొని నడిచే ఇద్దరిని చూస్తే ఎవరు నవ్వరు? ఒకటి మాత్రము చెప్పాలి. మా భైంసా ప్రాంతము 2008లోను, 2020లోను, 2021లోను మంచి దినములు చూడలేదు. కొత్త మనిషి కనబడితే రెండుసార్లు చూడటము ఇక్కడివారికి అలవాటైపోయినది. వారిని తప్పుపట్టలేము.

ఇంకా రెండు వందల మీటర్లు ఉన్నదనగా కందిచేను ప్రక్క నుండి ఒక పెద్దమనిషి వచ్చాడు. తలకు తువ్వాల, చేతిలో కర్ర.

"ఎవలు సారు మీరు? ఏం ఎతుకుతున్నరు?"

"మాది భైంసా కాకా. ఊరికే చూడ వచ్చినాము."

"సర్వేకచ్చిండ్రా?"

"కాదు."

"భూమి కొంటరా?"

"అయ్యో, మాకెక్కడిది కాకా?"

ఆయన కర్రను ఒక చేతినుండి ఇంకొక చేతికి మార్చుకొని, గొంతు తగ్గించి, "గుప్తనిధులా?" అన్నాడు.

ఈ మాట విని నవ్వకూడదు. పాత గుడి రాళ్ల క్రింద, కోట గోడల క్రింద నిధులున్నవని రాత్రిపూట త్రవ్వేవారిని గూర్చి మన జిల్లాలలో వింటూనే ఉన్నాము. మత్తయి సువార్త 13వ అధ్యాయములో పొలములో దాచబడిన ధనమును గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానమును మేము ఎన్నిసార్లు బోధించామో! కనుగొన్నవాని సంతోషమును గూర్చే చెప్పాము గాని, పొలము గలవాడు ఎదురై నీవెవడవని అడిగితే ఏమి చెప్పాలో ఏనాడూ ఆలోచించలేదు.

అబ్బాయి గట్టు మీద గొంతు కూర్చొని పుల్లతో నేలమీద రెండు గీతలు గీశాడు. "తాతా, భూమి మీద దుప్పటికి గళ్లున్నట్టు గీతలున్నయనుకో. ఈ అడ్డగీత బొంబాయికెల్లి వచ్చి ఇట్ల పోయి, శ్రీకాకుళం జిల్లాల సోంపేట, ఇచ్ఛాపురం నడుమ సముద్రంల దిగుతది. ఈ నిలువుగీత కర్నూలుకెల్లి వచ్చి, ఇట్ల పైకి పోయి, తాజ్‌మహలుకు నాలుగు కిలోమీటర్ల దూరంకెల్లి పోయి, డెహ్రాడూన్ దాటి కొండలెక్కుతది. రెండూ ఇక్కడనే కలుస్తయి."

పెద్దమనిషి గీతలను చూసి, కందిచేనును చూసి, మరల గీతలను చూశాడు. "బొంబాయి గీత, తాజ్‌మహల్ గీత, రెండు మా చేన్లనే కలుస్తయా?"

"ఆ గట్టు అవతల, తాతా. ఇంకో నలభై యాభై అడుగులు."

ఆయన ముఖము మారింది. "అది మా తమ్మునిది" అన్నాడు.

అప్పుడు తెలిసినది. తండ్రి పంచి ఇచ్చిన భూమి. నడిమి గట్టు ఎవరివైపు జరిగినదోనని తగాదా. కాగితములలో ఆయన వైపు నాలుగు గుంటలు తక్కువ పడినవట. తొమ్మిదేండ్లుగా అన్నదమ్ములకు మాటలు లేవు, పెండ్లిళ్లకు రాకపోకలు లేవు. ఆయన ఫోను వైపు వేలు చూపి, "పిలగా, గింత దూరం గీత చెప్పినది గట్టు ఏడుండాల్నో చెప్పదా?" అని ఆశగా అడిగాడు. అబ్బాయి ఫోను ఆయన చేతికిచ్చి, "ఇది నాలుగైదు మీటర్లు అబద్ధమాడుతది తాతా. మీ గట్టు వెడల్పే మీటరున్నది. దీన్తోని తేలదు" అన్నాడు. ముసలాయన నవ్వాడు. "మంచిగున్నది. అబద్ధం ఎంతాడుతదో ముందుగాల్నే చెప్తున్నది. కొలిచెటోళ్లు గది చెప్పరు."

ఆయన గట్టు వరకు వచ్చి ఆగిపోయాడు. మేమిద్దరము దాటాము. పది అడుగులు వేశామో లేదో అవతలినుండి కేక వినబడింది. చేతిలో పారతో ఒకడు, వెనుక ఇద్దరు పిల్లలు పరుగెత్తుకొని వస్తున్నారు. "అమీనును తెచ్చిండా మా అన్న? గట్టు మీద చెయ్యి పడితే చూడుండ్రి!" మాకు డిసెంబరు చలిలో చెమట పట్టింది. ముఖము తుడుచుకొనుటకు జేబురుమాలు లాగాము. మూడు కరపత్రములు నేలమీద పడ్డవి.

అతడు ఒకటి తీసి చదివాడు. చదువు వచ్చినవాడు. మమ్మును ఎగాదిగా చూసి, "మతం చెప్పే అయ్యగారా? మరి కొలుచుడెందుకు? ఏందీ కథ?" అన్నాడు. వెనుకనున్న పత్తి కూలీలు కూడా చేతులు ఆపి చూస్తున్నారు. మాకు ఒక్క మాట రాలేదు. ఏమి చెప్పినా అబద్ధములాగే వినబడుతుంది. వాక్యము ప్రకటించుటకు ఎన్నడూ సిగ్గుపడని మేము ఆ మూడు కాగితములను చూసి సిగ్గుపడ్డాము. కాగితముల వలన కాదు. మాట తప్పినందువలన.

అబ్బాయి ముందుకు వచ్చాడు. "కాకా, ఆయన మా డాడీ. చర్చి పాస్టరు. కొలవడానికి రాలేదు, మతం చెప్పడానికి కూడా రాలేదు. ఇవి ఆయన జేబుల ఎప్పటికుంటయ్. ఇయ్యాల వద్దన్న, ఇనలేదు. నేనేం చెయ్యాలె?"

పార పట్టుకున్నవాని వెనుక పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. కూలి స్త్రీలు నవ్వారు. అప్పుడు గట్టు మీదినుండి ముసలాయన గొంతు వినబడింది. "ఆళ్లను నేను తేలేదురా. ఉత్తగనే అచ్చిండ్రు."

తమ్ముడు అటువైపు తల త్రిప్పలేదు. పార భుజము మీదినుండి దించి నేలకు ఆనించాడు. మాతో మాత్రము, "చూసుకోండ్రి. పత్తి తొక్కకుండ్రి" అన్నాడు.

మేము పత్తి తొక్కకుండా, సాళ్ల మధ్య అటూ ఇటూ అడుగులు వేశాము. ఫోనులో ఒక అంకె సున్న అయితే ఇంకొకటి జరిగిపోతుంది. ఒక అడుగు ఉత్తరమునకు, అర అడుగు పడమటికి. పిల్లలు కూడా మాతోపాటు అడుగులు వేసి, "అయిందా? అయిందా?" అని అరిచారు. ఒక్క క్షణము 19 ప్రక్కన ఐదు సున్నలు, 78 ప్రక్కన ఐదు సున్నలు నిలిచి, మరల చెదిరిపోయినవి. అక్కడ ఉన్నది ఒక పత్తి చెట్టు. నాలుగు కాయలు పగిలియున్నవి, ఒకటి పురుగు తిన్నది. నాలుగు దిక్కులకు ఫోటోలు తీశాము. తూర్పున శనగచేను, దక్షిణమున తుమ్మచెట్లు, పడమట కరెంటు స్తంభము, ఉత్తరమున గట్టు మీద తువ్వాల చుట్టుకొన్న ముసలాయన.

"ఏం దొరికింది?" అన్నాడు తమ్ముడు.

"ఏం లేదు కాకా."

అతడు గాలితో చెప్పుచున్నట్టు, అయితే గట్టు వరకు వినబడేటట్టు, "ఏం లేదట!" అన్నాడు. గట్టు మీదినుండి "నేనెరుకనే" అని వచ్చింది. అంతకుమించి వారి మధ్య ఏమీ జరుగలేదు. సమాధానపడ్డారని వ్రాస్తే మా సంఘపెద్దలు సంతోషింతురు గాని, అది నిజము కాదు.

ముసలాయన మమ్మును తన కొట్టము దగ్గరికి తీసుకుపోయి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు పెట్టించాడు. మేము కండ్లు మూసి లోలోపలనే స్తుతించి తిన్నాము. ఆయన చూశాడు, ఏమనలేదు. చాయి త్రాగేటప్పుడు అబ్బాయి హైదరాబాదు డబ్బా సంగతి, వాచ్‌మన్ సంగతి చెప్పగా, ఆయన లేచిపోయి ఒక పాత స్టీలు టిఫిను డబ్బా, పత్తి తూకములు వ్రాసుకొనే పుస్తకము తెచ్చాడు. "మీ పేర్లు రాయుండ్రి. గీత సూసెతందుకు ఇంకెవలన్న అస్తే ఆళ్లతోని గూడ రాయిస్త. గీత ఆనిదే గానీ తొవ్వ నాదే. నా కొట్టం ముందలికెల్లే పోవాలె." పెద్దమనిషి ఎంత లెక్క వేశాడో చూడండి. కిలోలు, కూలి డబ్బులు వ్రాసియున్న పేజీలో అబ్బాయి తన పేరు వ్రాసి, క్రింద మా పేరు వ్రాసి, పెన్ను డబ్బాలోనే వదిలాడు. ఆయన మాకు ఒక సంచెడు పచ్చి కందికాయలు ఇచ్చాడు. ఆట నియమము ప్రకారము మేమే తక్కువ పెట్టాము.

ఈ ఆటకు పోదలచిన యౌవనస్థులకు ఒక మాట. చేను గలవారిని అడగకుండా అడుగు పెట్టవద్దు. ఎక్కడా త్రవ్వవద్దు. రైలు కట్టలు, కరెంటు కేంద్రములు, గుళ్లు, దర్గాల దగ్గర ఫోను పట్టుకొని తచ్చాడవద్దు. ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పుటకు ముందు జేబులు చూసుకోండి.

తిరుగు ప్రయాణములో ముథోల్ దాటేవరకు అబ్బాయి మాట్లాడలేదు. తరువాత వెనుకనుండి, "మూడు పెట్టుకున్నారు కదా?" అన్నాడు. "మూడే" అన్నాము. క్షమించమని అడిగాము. కన్నకొడుకును క్షమాపణ అడుగుట మాకు అదే మొదటిసారి. బండి నడుపుచుండుట మంచిదైనది, ముఖములు చూసుకోనక్కర లేకపోయినది.

కొంతసేపటికి అతడే అన్నాడు. "మీరు నాతో మాట్లాడేటప్పుడు కూడా అంతే డాడీ. ఎప్పుడూ ఏదో పని మీద వచ్చినట్టే ఉంటుంది. ఎప్పుడు జేబులోనుండి తీస్తారా అని నేను చూస్తుంటాను."

మేము జవాబు చెప్పలేదు. చెప్పుటకు నాలుగు మంచి మాటలు నోటివరకు వచ్చినవి. అవి కూడా జేబులోనుండి వచ్చినట్టే తోచి ఆపుకున్నాము. భైంసా చేరేవరకు కందికాయలు వొలుచుకొని తింటూ వచ్చాడు, మధ్య మధ్య మా చేతికి కొన్ని అందించాడు.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఫిలిప్పును దేవదూత అరణ్యమార్గమునకు పొమ్మన్నాడు. ఎందుకో మొదట చెప్పలేదు. ఆ సంగతిని ఎన్నోసార్లు చదివాము. రథము ఎదురయ్యేవరకు ఫిలిప్పు ఆ దారి మీద ఏమి చేస్తూ నడిచాడో అని మాత్రము ఇప్పుడు ఆలోచిస్తున్నాము.

మొన్న వానాకాలములో బాసర వైపు ఒక కుటుంబమును చూడబోతూ, ఆ కొట్టము దగ్గర ఆగాము. పని ఏమీ లేదు. జేబు ఖాళీ. పెద్దమనిషి చూరు క్రింద నుండి డబ్బా తీసి చూపించాడు. నీళ్లు పోకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి, పైన తాడు కట్టియుంచాడు. పుస్తకములో మా ఇద్దరి పేర్ల క్రింద ఇంకా ఎవరి పేరూ లేదు. గట్టు ఉన్నచోటనే ఉన్నది. అవతల తమ్ముని మనుమడు పశువులు మేపుతూ మమ్మును గుర్తుపట్టి, "సున్నల సార్లు!" అని కేక వేశాడు.

ఆ రాత్రి అబ్బాయి ఫోను చేశాడు. డబ్బాలోకి నీళ్లు పోయాయా అని అడిగాడు. పోలేదన్నాము. పెన్ను పనిచేస్తున్నదా అన్నాడు. సిరా ఎండిపోయినదన్నాము. "అందుకే పెన్సిలు పెట్టాలి. క్రిస్మసుకు వచ్చేటప్పుడు తెస్తాను" అని, ఇంకా చాలాసేపు మాట్లాడాడు. వాళ్ల మమ్మీ మూడుసార్లు చెయ్యి చాపి, ఇక లాభము లేదని వంటగదిలోకి వెళ్లిపోయింది.